డ్యూటీ దిగేదాకా

పోయినవారం కథలో అక్కనీ తమ్ముణ్ణీ మూడు మంచాల గదిలో దింపి వచ్చాం. అమ్మ పోయి ఏడాది కావడానికి ఇంకా రెండు రోజులుంది. ఆ రెండు రోజులూ ఇంట్లో ఉండలేనని, ఎక్కడికైనా పోదామని, తమ్ముడే పట్టుబట్టి అక్కని ఈ మహానగరానికి బయల్దేరదీశాడు. శుక్రవారం సాయంత్రం దిగారు. ఆదివారం సాయంత్రం బండికి వెనక్కి. హోటల్లో ఇద్దరి గది దొరక్క మూడు మంచాలది తీసుకున్నారు. ఎవరూ ఏమీ అనుకోకుండానే మూడో మంచం మీద సంచులు పెట్టేశారు. పొద్దున అక్క లేచి చూసేసరికి సంచులు నేల మీద ఉన్నాయి. మూడో మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. ఎందుకు తీశావని అక్క అడగలేదు. తమ్ముడు చెప్పలేదు.

శనివారం పదిన్నరకి ఇద్దరూ నది ఒడ్డున పడవ రేవులో, టిక్కెట్లు చేత్తో పట్టుకుని, వరసలో నిలబడి ఉన్నారు.

అక్క ప్రయాణానిక్కూడా డ్యూటీ చార్టే వేస్తుంది. పది నలభై అయిదుకి పడవ, పన్నెండుకి అవతలి ఒడ్డున మ్యూజియం, ఒంటిగంటకి భోజనం, మూడింటికి పాత వంతెన. స్కేలు పెట్టి గళ్ళు గీసి మరీ రాసింది. తమ్ముడు ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు.

"ఇందులో ఊపిరి పీల్చుకోవడం ఎన్నింటికి?"

"మధ్యమధ్యలో ఖాళీలున్నాయిగా. అక్కడ పీల్చుకో."

"ఒంటికెళ్ళాలంటే?"

"చెయ్యెత్తి అడుగు. ఆలోచిస్తాను."

వెనక నిలబడ్డావిడ నవ్వింది. తమ్ముడు కూడా నవ్వాడు. ఏడాదిగా ఇద్దరి మధ్యా ఇలాంటి మాటలే నడుస్తున్నాయి. నీళ్ళ మీద చెక్కముక్కల్లాగా పైపైన తేలే మాటలు. కిందికి దిగే మాట ఒక్కటీ రాదు. వచ్చేలా ఉంటే ఇద్దరిలో ఎవరో ఒకరు హాస్యమాడి తప్పిస్తారు.

తమ్ముడిది కళ్ళజోళ్ళ దుకాణం. అద్దాలు తనే అరగదీసి ఫ్రేములో కూర్చోబెడతాడు. ఎక్కడికెళ్ళినా అతనికి మొహాలు కనిపించవు, కళ్ళజోళ్ళే కనిపిస్తాయి.

"ఆ ముందున్న పెద్దాయనకి ఎడమవైపు కాడ వంగింది చూడు. పాపం, మెట్లన్నీ వాలిపోయి కనిపిస్తుంటాయి."

"అడక్కుండా వైద్యం చెయ్యకు. నిన్న హోటల్ గుమస్తా కళ్ళజోడు లాక్కుని మరలు బిగించావు. ఆయన కంగారుపడి మనకి తాళంచెవి ఇవ్వడం మర్చిపోయాడు."

"ఇప్పుడు హాయిగా కనపడుతుందన్నాడుగా."

"వదిలించుకోడానికి అన్నాడు."

టిక్కెట్లు ఎడమచేత్తో అక్కకి అందించాడు తమ్ముడు. ఆ చెయ్యి మోచేతి దగ్గర సగమే వంగుతుంది. అక్క చూపు ఎప్పటిలాగే ఒక్కక్షణం అక్కడ ఆగి పక్కకి తప్పుకుంది. ఆ చెయ్యి సంగతి మధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం మళ్ళీ చెప్పాలి. ఈ వారం కథంతా దాని మీదే నిలబడి ఉంది.

వాళ్ళ నాన్న రైల్వే క్యాబిన్లో మీటలు లాగే మనిషి. ఏ మీట లాగితే ఏ పట్టా కదులుతుందో, ఏ రైలు ఎటు పోతుందో ఆయన చేతిలో ఉండేది. అక్క పుట్టకముందు ఒకరోజు ఎవరో పరుగెత్తుకొచ్చి, క్యాబిన్ మెట్ల కింది నుంచే, మీ నాన్న పోయాడయ్యా అని అరిచారు. ఆయన చెయ్యి పక్క మీట మీద పడింది. గూడ్సు బండి పక్కదారిలోకి వెళ్ళి ఆగి ఉన్న పెట్టెలని గుద్దింది. ప్రాణం పోలేదు కానీ పట్టాల మీద పనిచేస్తున్న ఒక మనిషి కాలు పోయింది. నాన్న బతికినంతకాలం నెలకోసారి ఆ మనిషిని చూడటానికి వెళ్ళేవాడు. ఇంట్లో మాత్రం ఒక్క నియమం పెట్టాడు. డ్యూటీలో ఉన్న మనిషికి కబురు చెప్పకూడదు. మంచైనా చెడైనా, డ్యూటీ దిగేదాకా ఆగాలి.

ఆ ఇంట్లో దేవుడి గురించి ఎవరికి తోచింది వాళ్ళు అనుకోవచ్చు. ఈ నియమం గురించి మాత్రం అనుకోవడానికేమీ లేదు. అమ్మమ్మ పోయిన సంగతి అక్కకి పరీక్షల ఆఖరి రోజు సాయంత్రం చెప్పారు. తమ్ముడు తొమ్మిదేళ్ళప్పుడు గోడ మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అమ్మ ఊళ్ళో లేదు. విరిగిన చేతిని రెండో చేత్తో ఒడిసిపట్టుకుని, క్యాబిన్ మెట్ల కింద కూర్చుని, నాన్న డ్యూటీ దిగేదాకా అయిదు గంటలు ఏడవకుండా ఆగాడు. ఎముక వంకరగా అతుక్కుంది. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. నియమం మాత్రం మార్చలేదు.

ఇప్పుడా నియమం అక్క ఉద్యోగానికీ సరిపోయింది. తమ చిన్న ఊళ్ళో అంబులెన్స్ కంట్రోల్ రూములో చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చునే పని ఆమెది. సొంత ఫోన్లు బయట అల్మారాలో పెట్టి తాళం వేసుకోవాలి. ఏడాది కిందట ఒక ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి, ఆమె డ్యూటీ దిగి గేటు బయటికి వచ్చేసరికి తమ్ముడు నిలబడి ఉన్నాడు. "ఏరా, అద్దాల డాక్టరూ, దారి తప్పావా?" అంది. అప్పుడు చెప్పాడు. కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయిందని, ఒక్క నిమిషం కూడా పట్టలేదని, ఏమీ బాధపడలేదని.

ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఈ మాట మీదే అక్క ఏడాదిగా, నేల మీద నిలబడ్డట్టు, నిలబడింది. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పింది. నిద్ర పట్టనప్పుడు తనకి తను అదే చెప్పుకుంది.

పడవ రేవుకి ఆనింది. తాళ్ళు విసిరారు. వరస కదిలింది. అప్పుడే ముందు నుంచి, బస్తా జారినట్టు, ఏదో పడ్డ చప్పుడు.

తెల్లజుట్టు ముసలావిడ ఒకామె చెక్కమెట్టు మీద పక్కకి ఒరిగిపోయి ఉంది. జనం గుమిగూడారు. అక్క అప్పటికే మోకాళ్ళ మీద ఉంది. ఆవిడ మెడ పక్కన రెండువేళ్ళు పెట్టింది. చెంప దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూసి, సరిగ్గా పక్కకి తిప్పి పడుకోబెట్టింది.

"గాలి రానివ్వండి. దూరం జరగండి. అమ్మా, వినపడుతోందా? కళ్ళు తెరవండి." తలెత్తకుండానే అంది. "ఒరేయ్, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్."

వెనక నుంచి అంకెలు నొక్కిన చప్పుడు రాలేదు.

"ఒరేయ్!"

తలెత్తి చూసింది. తమ్ముడి చేతిలో ఫోన్ ఉంది. బొటనవేలు అంకెల మీద ఉంది. ఆ వేలు కదలడం లేదు. అతని మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"నొక్కు. ఏం చూస్తున్నావు? నొక్కరా!"

అతను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. వంగి, ముసలావిడ పక్కన పడి ఉన్న కళ్ళజోడు తీశాడు. కాడ వంగిపోయింది. రెండుచేతులతో దాన్ని పట్టుకుని, దుకాణంలో కూర్చున్నట్టే, మెల్లగా, అతిజాగ్రత్తగా సరిచేయడం మొదలుపెట్టాడు. అతని చేతులు ప్రస్తుతం చేయగలిగింది అదొక్కటే అన్నట్టు.

టిక్కెట్ల కిటికీలోంచి ఒకావిడ అరిచింది. "నేను చేశానమ్మా! వస్తున్నారంట!"

వచ్చారు. అంతలో ముసలావిడ కళ్ళు తెరిచి, తన చుట్టూ ఉన్న కాళ్ళని చూసి, "ఏం పడిపోయింది?" అంది. "మీరేనమ్మా," అంది అక్క. "నేనెందుకు పడతానూ? నా కళ్ళజోడేది?" అంది ముసలావిడ. తమ్ముడు ముందుకొచ్చి మోకరిల్లి ఆవిడ చెవుల మీద కళ్ళజోడు తగిలించాడు. ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో వేలితో నొక్కి చూశాడు. ఆవిడ అతన్నే చూసి, "అబ్బో, ఇప్పుడు బాగా కనపడుతోందే," అంది. చుట్టూ ఉన్నవాళ్ళు హమ్మయ్య అని నవ్వారు.

స్ట్రెచర్ ఎక్కిస్తూ అంబులెన్స్ మనిషి అక్కని అడిగాడు. "మీరూ మా పనిలోవాళ్ళేనా?"

"ఫోన్ ఎత్తే పని."

"అందుకే. పక్కకి తిప్పి పడుకోబెట్టారు, మంచి పని చేశారు." తలుపు మూశాడు.

పడవ కూత పెట్టింది. జనం ఎక్కుతున్నారు. అక్క చీరకంటిన దుమ్ము దులుపుకుని తమ్ముడి కోసం చూసింది. అతను కొంచెం అవతల, పడవ తాళ్ళు కట్టే ఇనప దిమ్మ మీద కూర్చుని చేతి గడియారం చూసుకుంటున్నాడు.

"రా, ఎక్కుదాం. వెళ్ళిపోతుంది."

"ఏడు నిమిషాలు," అన్నాడు తమ్ముడు.

"ఏంటి?"

"ఆవిడ ఫోన్ చేసిన దగ్గర్నించి బండి రావడానికి. ఏడే నిమిషాలు అక్కా. ఇంత పెద్ద ఊళ్ళో, ఇంత రద్దీలో."

"అవును, శనివారం కదా, రోడ్డు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. అతని గొంతు హాస్యానికి లొంగే గొంతులా లేదు. "ఏమైందిరా నీకు? ఎందుకు చెయ్యలేదు ఫోను?"

"చేయలేను."

"మూడంకెలు నొక్కలేవా?"

"ఆ మూడంకెలు నొక్కలేను. నాకు చేతకావడం లేదు. ఏడాదయింది." గడియారం మీద నుంచి చూపు తిప్పలేదు. "మన ఊళ్ళో అయితే ఎంతసేపక్కా? మీ ఆఫీసు నుంచి మన ఇంటికి?"

అక్కకి ఆలోచించాల్సిన అవసరం లేదు. ఊళ్ళో ఏ వీధికి ఎన్ని నిమిషాలో ఆమెకి ఎక్కం అప్పజెప్పినట్టు వచ్చు. "పొద్దున పూట ఆరు. స్కూళ్ళు వదిలే టైమయితే తొమ్మిది."

"పదకొండుంపావుకి?"

అప్పటికి అక్కకి సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కాకూడదని గట్టిగా నిలబడింది.

"పదకొండుంపావుకి ఏంటి?"

"అమ్మ పదకొండుంపావుకి పడింది."

పడవ తాడు విప్పారు. ఎవరో వాళ్ళని ఎక్కుతారా అని చెయ్యూపి అడిగారు. ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

"కుర్చీలోనే పోయిందన్నావు."

"అన్నాను."

"నిమిషం కూడా పట్టలేదన్నావు."

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. ఆ తల ఊపడంతో ఏడాదిపాటు అక్క కాలి కింద ఉన్న నేల కాస్తా లేకుండాపోయింది. దిమ్మ పక్కన మెట్టు మీద కూర్చుంది. కూర్చున్నానని ఆమెకి తెలియలేదు.

తర్వాత అతను చెప్పినదంతా, కళ్ళు తనిఖీ చేసేటప్పుడు అక్షరాలు ఒక్కొక్కటే చదివించినట్టు, ఒక్కొక్క ముక్కే చెప్పాడు.

ఆ రోజు దుకాణం తెరవకుండా ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ కూరగాయలు తరుగుతూ ఛాతీ పట్టుకుంది. కుర్చీలోంచి నేలకి జారింది. స్పృహ ఉంది. మాట సరిగ్గా రావడం లేదు. చప్పుడుకి పైవాటాలో ఉండే కుట్టుపని పిన్ని దిగొచ్చింది. అంబులెన్స్‌కి చెయ్యి బాబూ అంది. అతను ఫోన్ తీశాడు.

"ఎవరు ఎత్తుతారో నాకు తెలుసు కదా," అన్నాడు. "మీ రూములో ఉండేది రెండే సీట్లు. నువ్వు, పక్కసీటావిడ. సగం సగం. నువ్వే ఎత్తితే? అమ్మ పడిపోయింది అని నీకు ఆ హెడ్‌ఫోన్‌లో ఎలా చెప్పను? నీ చెయ్యి వణికి ఇంకెవరికో పంపాల్సిన బండి ఇంకెక్కడికో పంపితే? నాన్నకి జరిగినట్టు... ఆ కాలు పోయిన మనిషి..."

"నాన్న చేతిలో మీట ఉందిరా." అక్క గొంతు చాలా మెల్లగా ఉంది. "నా చేతిలో బండి ఉంది."

అతను గడియారం పట్టీ వదులు చేసి మళ్ళీ బిగించాడు.

"నేనెత్తితే ఏమయ్యేది? పంపేదాన్ని. అదే కదా నా పని. ఊళ్ళో అందరి అమ్మలకీ పంపాను. మొహం కూడా ఎరగనివాళ్ళ అమ్మలకి పంపాను."

"తెలుసక్కా."

"ఆ రోజు ఎన్ని బండ్లున్నాయో తెలుసా ఆవరణలో?" అడగకుండా ఉండాల్సింది. నోరు ఆగలేదు. "రెండు. ఆదివారం పొద్దున. కాల్స్ లేవు. ఇద్దరు డ్రైవర్లూ పైపు పెట్టి బండ్లు కడుక్కుంటూ, ఒకడి మీద ఒకడు నీళ్ళు చల్లుకుంటున్నారు. కిటికీలోంచి నాకు కనపడుతూనే ఉంది."

తమ్ముడు రెండుచేతులతో మొహం మూసుకోబోయాడు. ఎడమచెయ్యి మొహందాకా రాలేదు. ఎప్పుడూ రాదు. సగం మొహమే మూసుకుని కూర్చున్నాడు.

అక్కకి ఆ చేతిని చూస్తే కోపం నిలవదు. నిలుపుకోవాలని చూసింది. తొమ్మిదేళ్ళవాడు క్యాబిన్ మెట్ల కింద, విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, గడియారం ముల్లు చూస్తూ కూర్చున్నాడు. పాఠం బాగా నేర్చుకున్నాడు. ఇంట్లో అందరికంటే బాగా నేర్చుకున్నది వాడే.

"అమ్మ ఏమంది?"

"ఏమీ అనలేకపోయింది. గోడ గడియారం వైపు చూసింది."

ఎందుకు చూసిందో అక్కకి చెప్పనక్కర్లేదు. రెండు కావడానికి ఎంతసేపుందో చూసి ఉంటుంది. నాన్న కోసం, తర్వాత తన కోసం, అమ్మ జీవితమంతా ఆ గడియారాన్ని అలాగే చూసింది.

"మరి ఎలా తీసుకెళ్ళావు?"

"పిన్ని వీధిచివర బట్టలు మోసే వ్యాను తేవడానికి పరుగెత్తింది. డ్రైవరు ఎక్కడో టిఫిన్ చేస్తున్నాడు. దొరికేసరికి పావుగంట. కుట్టిన బట్టల మూటలు కిందికి దించి, ఆ ఖాళీలో పడుకోబెట్టాం. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆస్పత్రి గేటు మలుపు తిరిగేసరికి..." అరచేత్తో మోకాలు తుడుచుకున్నాడు. "లోపలికి వెళ్ళాక డాక్టరు అడిగాడు, అంబులెన్స్‌కి ఎందుకు చెప్పలేదని. మా అక్క డ్యూటీలో ఉందండీ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నా వైపు అదోలా చూశాడు. మన ముగ్గురికి తప్ప ఇంకెవరికి అర్థమవుతుందక్కా అది?"

ముగ్గురిలో ఇప్పుడు ఇద్దరే ఉన్నారు.

"ఎన్నింటికి?"

"పన్నెండుకి పది తక్కువ."

"నువ్వు నా గేటు దగ్గరికి రెండింటికి వచ్చావు."

"ఊఁ."

"రెండు గంటల పది నిమిషాలు ఎక్కడున్నావు?"

"అమ్మ పక్కన. బల్ల మీద పడుకోబెట్టారు కదా, స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఎవరెవరో వచ్చి మీవాళ్ళకి చెప్పుకోండి బాబూ అన్నారు. ఉందండీ, ఒక్కతే ఉంది, రెండింటికి దిగుతుంది అన్నాను."

నది మీద పడవ మలుపు తిరిగింది. అందులో పిల్లలెవరో ఒడ్డున ఉన్నవాళ్ళందరికీ చేతులూపుతున్నారు. అక్క చేతిలో రెండు టిక్కెట్లు చెమటకి మెత్తబడిపోయాయి. తిట్టాలని ఉంది. కొట్టాలని ఉంది. ఆ స్టూలు పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూర్చోవాలని ఉంది. ఏడాది ఆలస్యంగా.

"ఇవాళెందుకు చెప్పావు?" అంది చివరికి.

"చెప్పడానికే తీసుకొచ్చాను. ఇంట్లో చెప్పలేను, అక్కడ ఆ గడియారం ఉంటుంది. పోనీ దుకాణంలో చెబుదామంటే మధ్యలో ఎవరో ఒకరు వస్తారు. నీకు సెలవు రోజు అయ్యుండాలి. డ్యూటీ లేని ఊళ్ళో, డ్యూటీ లేని రోజు చెప్పాలి." నవ్వబోయి మానుకున్నాడు. "నీ చార్టులో ఖాళీ ఎక్కడుందా అని నిన్నటి నుంచి చూస్తున్నా. మూడింటికి వంతెన మీద చెబుదామనుకున్నా. ఈవిడ ముందే పడిపోయింది."

అప్పటికీ ఆ నియమమే. కబురుని ఏడాదిపాటు గుండెల్లో మోసి, అక్క సెలవు చూసుకుని, రైలెక్కించి తెచ్చి మరీ చెప్పాడు. అక్క చెయ్యి చాచి అతని వంకర మోచెయ్యి పట్టుకుంది. పట్టుకోవడమే. క్షమించిందని కాదు. క్షమించలేదని కాదు.

టిక్కెట్ల ఆవిడ వచ్చి, మీ పడవ పోయింది, పన్నెండుంపావు దానికి ఎక్కండి, మళ్ళీ కొనక్కర్లేదు అని చెప్పి వెళ్ళింది. ఆ దయకి అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు తమ్ముడు అన్నాడు. "ఇంకోటుందక్కా."

"చెప్పు."

"అసలు చేయలేదని కాదు. ఒక్కసారి చేశాను."

అక్క అతని మోచెయ్యి మీద చెయ్యి తీయలేదు.

"పిన్ని పరుగెత్తుతూ తన ఫోను నా చేతిలో పెట్టి వెళ్ళింది. నా నంబరు అయితే నువ్వు గుర్తుపడతావు, ఇది పిన్నిది కాబట్టి నీకు తెలీదు అనుకున్నాను. గొంతు మార్చి మాట్లాడదామనుకున్నాను. పక్కసీటావిడ ఎత్తాలి దేవుడా అనుకుని నొక్కాను." తన బొటనవేలు చూసుకున్నాడు. "నువ్వే ఎత్తావు. 'అంబులెన్స్ సర్వీసు, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు' అన్నావు. నీ డ్యూటీ గొంతు. ఎంత ప్రశాంతంగా ఉందో. దాన్ని ఎలా చెడగొట్టను? పెట్టేశాను."

"ఎన్నింటికి?" అంది అక్క. తన గొంతు తనకే దూరంగా వినిపించింది.

"పదకొండూ ఇరవై. ఇరవై ఒకటి."

పదకొండూ ఇరవై ఒకటి.

కంట్రోల్ రూములో అందరికంటే పాత మనిషి అక్క. కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేది ఆమే. మొదటిరోజు మొదటి పాఠం ఒకటుంది. మాట లేని ఫోను వస్తే దాన్ని వదలకూడదు. నిమిషంలోపు ఆ నంబరుకి తిరిగి చెయ్యాలి. ఎత్తకపోతే ఇంకోసారి చెయ్యాలి. మాట్లాడగలిగినవాళ్ళకంటే మాట్లాడలేనివాళ్ళకే మన అవసరం ఎక్కువ, గుర్తుపెట్టుకోండి అని చెబుతుంది. ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు.

ఆ ఆదివారం పక్కసీటావిడ కొత్తల్లుడు ఇంటికొచ్చి ఉప్పు డబ్బా అనుకుని పంచదార డబ్బా సాంబారులో ఒంపిన సంగతి చెబుతోంది. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది అక్క. మధ్యలో ఫోన్ మోగింది. ఎత్తింది. అవతల మాట లేదు. నాలుగు సెకన్లు. పెట్టేశారు. తెర మీద మూడు గళ్ళుంటాయి. మౌనం, పొరపాటు, ఆకతాయి. 'మౌనం' నొక్కితే తిరిగి ఫోన్ చేసినట్టు నమోదు చెయ్యాలి. అక్క 'ఆకతాయి' నొక్కింది. పక్కసీటు వైపు తిరిగి, "ఊఁ, తర్వాత?" అంది.

తిరిగి చేసి ఉంటే తమ్ముడు ఎత్తేవాడు. ఎత్తకపోయినా రెండోసారి మోగేది. ఆ మోతకి వాడు ఆగలేకపోయేవాడు. చెప్పేసేవాడు. ఆరు నిమిషాలు. ఒకడి మీద ఒకడు నీళ్ళు చల్లుకుంటున్న ఆ ఇద్దరు డ్రైవర్లలో ఒకడు పైపు పారేసి బండెక్కేవాడు.

"అక్కా," అన్నాడు తమ్ముడు. "ఏదైనా అను. తిట్టు, కొట్టు. ఇలా ఉండకు."

"నువ్వు ఫోన్ చేసినప్పుడు..." అక్క మాటలు వెతుక్కుంది. "అమ్మ ఎక్కడుంది?"

"పక్కనే. తల నా మోకాలి మీదే. పిన్ని ఫోను శబ్దం పెద్దది కదా, ఇల్లంతా వినపడుతుంది. నీ గొంతు వినగానే కళ్ళు ఇంత పెద్దవి చేసింది. ఫోన్ వైపు మొహం తిప్పింది."

"తిప్పి?"

"ఏదో అంది."

"ఏమంది?"

"నాకు వినపడలేదక్కా. నేను పెట్టేసే కంగారులో ఉన్నాను. పెదాలు కదలడం మాత్రం చూశాను. నీకే చెప్పింది, నాకు కాదు. అంతసేపూ రాని మాట అప్పుడొచ్చింది."

నాలుగు సెకన్లు. అక్క కళ్ళు మూసుకుని ఆ నాలుగు సెకన్లలోకి మళ్ళీ వెళ్ళాలని చూసింది. తన నవ్వే వినిపించింది. పక్కసీటావిడ గాజుల చప్పుడు. ఇంకేమీ లేదు. ఆమె చెవికి ఏమీ దొరకలేదు.

కానీ ఆ రూములో వినేది ఆమె చెవి ఒక్కటే కాదు. వచ్చిన ప్రతి ఫోనునీ, మాట ఉన్నా లేకున్నా, ఆకతాయిదైనా అసలుదైనా, యంత్రం దాచిపెడుతుంది. పెద్దసారుకి రాసిచ్చి సంతకం తీసుకుంటే విననిస్తారు. విన్నవాళ్ళకి అవతలి మాటతోపాటు ఇవతలి నవ్వూ వినపడుతుంది. తెర మీద ఎవరు ఏ గడి నొక్కారో కూడా కనపడుతుంది. ఆ రికార్డుని యంత్రం సరిగ్గా ఏడాదిపాటు ఉంచుతుంది. ఏడాది నిండిన తేదీన పొద్దున మొదటి డ్యూటీ మొదలవగానే దానంతటదే చెరిపేస్తుంది.

ఇవాళ శనివారం. తేదీ సోమవారం.

అక్క లేచి నిలబడింది. గళ్ళు గీసిన కాగితం సంచిలోంచి తీసింది. మూడింటి వంతెన దగ్గరున్న గడిని ఒకసారి చూసి, నాలుగుగా మడిచింది.

"మధ్యాహ్నం మన ఊరికి బండేమైనా ఉందేమో కనుక్కో."

"ఇవాళేనా? ఎందుకక్కా?" తమ్ముడు కంగారుగా లేచాడు. చిన్నప్పుడు నాన్న క్యాబిన్ మెట్లు దిగొస్తుంటే తలెత్తి చూసినట్టు ఆమె మొహంలోకి చూశాడు. "నా మీద కోపంతో కాదుగా? నేనొక్కణ్ణే కదా తప్పు చేసింది, నన్నే అను. చెప్పక్కా, నన్నే కదా?"

జవాబు అక్క నాలుక చివర ఉంది. ఆ రోజు తను నొక్కిన గడి గురించి, రెండు మాటలు. ఈ రేవులో ఇద్దరిలో ఎవరూ డ్యూటీలో లేరు. అయినా చెప్పలేకపోయింది.